ఝట్కా తగలని తోఫా

గార్డు వామన్‌రావు ఈల ఊదితే నాంపల్లి స్టేషన్‌లో రైలు కదలడం, కదిలిన రైలు వెంట రెండడుగులు ఉరికి ఆయన చివరి డబ్బా ఎక్కడం పదిహేనేళ్ళుగా జరుగుతున్న పని. పందొమ్మిది వందల ముప్పై ఏడు మాఘమాసంలో, ఒక సోమవారం పొద్దున మాత్రం అందులో సగమే జరిగింది. ఈల మోగింది. పచ్చ జెండా ఊగింది. రైలు కదిలింది. వామన్‌రావు కాలు మెట్టును అందుకుంది, చెయ్యి కమ్మీని అందుకుంది. మధ్యలో ఉన్న పొట్ట ఒక్కటే నేను రానంటే రానని తలుపుకు అడ్డం పడింది. కాలు జారి ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు, రైలు తన దారిన తాను పోయింది. ఖైరతాబాద్‌లో ఆగి వెనక్కి తిరిగి చూసుకునేదాకా, వెనక డబ్బాలో మనిషి లేడన్న సంగతి డ్రైవరుకు తెలియనే లేదు.

ఆ పొట్ట ఒక్క రోజులో వచ్చింది కాదు. దాని గురించి స్టేషన్‌లో కథలుండేవి. వామన్‌రావు దిగగానే గార్డు డబ్బా రెండంగుళాలు పైకి లేచేదనీ, ఆ లేచిన చప్పుడును బట్టే కూలీలు కళ్ళు మూసుకుని ఫలానా రైలు వచ్చిందని చెప్పేవాళ్ళనీ అనేవారు. ఇందులో అబద్ధం ఉంటే ఒక అంగుళం ఉంటుందేమో, రెండో అంగుళం నిజమే.

రైళ్ళ రాకపోకలు చూసే ట్రాఫిక్ దొర పిలిపించాడు. కోప్పడలేదు. మృగశిర కార్తె వచ్చాక మొదటి సోమవారం నేనే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడతాను, కదిలే రైలు ఎక్కి చూపించు, ఎక్కితే గార్డువు, ఎక్కకపోతే పార్సిల్ ఆఫీసులో కూర్చో అన్నాడు. అందాకా గేటు దగ్గర నిలబడి టికెట్లు తీసుకొమ్మన్నాడు.

పార్సిల్ ఆఫీసంటే నీడ, కుర్చీ, పైన పంకా. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. వామన్‌రావుకు మాత్రం గుండె జారిపోయింది. ఆయన ఈల ఊదితే జాగీర్దార్లు, పెండ్లి బృందాలు, మేకలు, మామిడి గంపలు అన్నీ కలిసి ఒక్కసారి కదిలేవి. పార్సిల్ ఆఫీసులో ఆయన ఎంత ఊదినా ఒక్క మామిడి గంప కూడా కదలదు. ఇత్తడి అక్షరాల టోపీ ఉండదు. రెండు జెండాలు ఉండవు. ఆ రోజు ఇంటికొచ్చి, స్టేషన్ వెనక గల్లీలోని రెండు గదుల కిరాయి ఇంట్లో, ఈలను గూటిలో పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తూనే ఎనిమిది జొన్నరొట్టెలు తిన్నాడు.

భార్య సౌభాగ్య తొమ్మిదో రొట్టె వెయ్యకుండా పెనం దించేసింది. తన తమ్ముడికి ఉత్తరం రాయమంది.

తమ్ముడు శ్రీపతి బొంబాయి పట్టు వ్యాపారి ఒకాయన దగ్గర గుమాస్తా. ఆ షేటు వాణ్ణి జపాన్‌లో కోబె అనే రేవు పట్నంలో కూర్చోబెట్టాడు. కిందటేడు వాడు పంపిన ఫోటోలో పదకొండు మంది జపానువాళ్ళున్నారు, ఒక్కడికీ పొట్ట లేదు. సౌభాగ్య ఆ ఫోటోను పొయ్యి పక్క గోడకు తగిలించింది గనుక అందులోని పదకొండు నడుములూ ఆమెకు కంఠతా వచ్చు. వాళ్ళు రాత్రిపూట ఏం తింటారో, ఎట్లా వండుతారో వారం రోజులకూ వివరంగా రాయమని మొగుడి చేత రాయించింది.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజు జవాబొచ్చింది. ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఆ కాలంలో హైదరాబాద్ పిల్లలందరిలాగే శ్రీపతి చదువంతా ఉర్దూలో సాగింది. బావకు ఉర్దూలో రాసేవాడు. అక్కకు రాయాల్సి వస్తేనే తంటాలుపడి తెలుగులో నాలుగు ముక్కలు గీకేవాడు, ఎందుకంటే సౌభాగ్యకు తెలుగు తప్ప ఇంకో లిపి రాదు. ఇది బావకు రాసిన ఉత్తరం. కాబట్టి వామన్‌రావు చదవడం, సౌభాగ్య వినడం.

జపానువాళ్ళు అన్నం చిన్న గిన్నెడే తింటారట. మొదట పలచని చారు, తర్వాత ఆవిరి మీద ఉడికించిన కూర, నూనె లేదు, పోపు లేదు. చేపనైతే ఉప్పు రాసి నిప్పుల మీద కాలుస్తారట. చేత్తో కాదు, రెండు పుల్లలతో తినాలట. రూపాయి ఆకలుంటే పన్నెండణాలు నిండగానే లేవాలట. వామన్‌రావు గొంతు ఒక్కో వాక్యానికీ ఒక్కో మెట్టు దిగుతూ వచ్చింది. ఆ తర్వాతి మాట దగ్గర మొత్తానికే ఆగిపోయాడు.

"ఏమైంది? చదవరేంది?" అన్నది సౌభాగ్య.

"తోఫూ అని రాసిండు. ఇది ఏ భాషనో."

"తోఫా ఏమో జర మంచిగ చూడుండ్రి."

వామన్‌రావు కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, అవునన్నట్టు తలూపాడు. తోఫా అంటే కానుక, అది హైదరాబాద్‌లో గుర్రానికి కూడా తెలిసిన మాట. "మీ తమ్ముడు బడిల పంతులు చెప్పంగ రాసిన ఇమ్లాల ఎన్నడన్న పాసైండా? తోఫా రాయబోయి తోఫూ రాసిండు" అని బామ్మర్ది తప్పును తానే దిద్ది, తానే గట్టిగా చదివాడు.

"అన్నిటికంటె ముఖ్యం తోఫా. ఇది లేని రాత్రి భోజనం ఇక్కడ ఎవరూ చేయరు. తెల్లగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే నలిగిపోతుంది. సాయంత్రం గిన్నె పట్టుకుని పోయి నీళ్ళలో పెట్టి తేవాలి. ఏ రోజుది ఆ రోజే, నిన్నటిది పనికిరాదు. దారిలో ఝట్కా మాత్రం తగలనీయొద్దు. మిగతావన్నీ చేసి ఇది మానేస్తే ఫలితం సగమే."

సౌభాగ్య వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. "తెల్లగ. మెత్తగ. పట్టుకుంటె నలుగుతది. నీళ్ళల్ల పెట్టాలె. ఒక్క దినమే ఉంటది. మల్లెపూలు."

పన్నెండేళ్ళ కాపురంలో వామన్‌రావు ఇంటికి ఒక్క మల్లెమొగ్గ తెచ్చినవాడు కాదు. మిరపకాయ బజ్జీలు తెచ్చేవాడు, అవీ గల్లీ మొదట్లోనే అయిపోయి ఇంటికి నూనె కాగితం ఒక్కటే చేరేది. మల్లెపూలకూ పొట్టకూ సంబంధమేంది అని ఆయన అడిగాడు. సౌభాగ్య గోడ మీది ఫోటో వైపు చెయ్యి చూపించింది.

"సంబంధం వాళ్ళకు తెలుసు. రైలు ఎక్కలేక నిలబడ్డది వాళ్ళా, మీరా?"

 పోనీలే, గల్లీ మొదట్లో మొగులయ్య ఝట్కాబండి ఉండనే ఉంది, ఎక్కి పోయి వస్తానన్నాడు. ఆ చివరి మాట ఇంకోసారి చదవమంది సౌభాగ్య. చదివాడు. ఝట్కా అంటే కుదుపు, ఝట్కా అంటే ఒంటిగుర్రపు బండి కూడా. ఏ ఝట్కా అన్నది శ్రీపతి రాయలేదు. ఝట్కా దగ్గరికి పోవద్దని అంత సాఫుగా రాస్తే మళ్ళీ బండి మాట ఎత్తుతారేంది అన్నది సౌభాగ్య. చదివిన నోరు తనదే గనుక వామన్‌రావు దాన్ని మూసుకున్నాడు.

మొన్నటిదాకా మొగులయ్య గుర్రానికి రోజూ గడ్డి పెట్టింది ఒక రకంగా వామన్‌రావే. అరమైలు దూరానికి కూడా ఝట్కా ఎక్కే మనిషి. అలాంటి మనిషి ఆ సాయంత్రం టోపీ పెట్టుకుని, ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసుకుని, దాని మీద తడిగుడ్డ కప్పుకుని, తన బండిని చూడనట్టే దాటిపోతుంటే మొగులయ్య గుండెలో రాయి పడ్డది. గుర్రాన్ని అదిలించి పక్కకొచ్చాడు.

"గార్డు సాబ్, మా గుర్రం అడుగుతున్నది, మనమేం తప్పు చేసినమని."

"నీ గుర్రం మీద కోపం లేదు మొగులయ్యా. జపాన్ల ఝట్కా మనా, ఎక్కొద్దు."

"మరి ఆ దేశంల గుర్రాలు ఏం పని చేస్తయి?"

ఆ సంగతి ఉత్తరంలో లేదు. వామన్‌రావు నడిచాడు. స్టేషన్ దగ్గర ఒకడు పూలమ్ముతాడు గాని అవి పొద్దుటివి, వాడి ముఖంలాగే వాడిపోయి ఉంటాయని సౌభాగ్య ముందే కొట్టిపారేసింది. తోటల నుంచి సాయంత్రం తాజాగా దిగే గంపలు బేగం బజారు అవతలి కొసలో ఉంటాయి. నాంపల్లి నుంచి ఆబిడ్స్ మీదుగా అక్కడికి పోయి రావాలి. మొదటి రోజు ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల ముందు నిలబడ్డ దొరసానులు, టోపీ పెట్టుకున్న గార్డు చేతిలో గిన్నె చూసి బిచ్చమెత్తుతున్నాడనుకున్నారో ఏమో, ఒకావిడ అందులో బిస్కెట్ వేసింది. మర్నాటి నుంచి ఆయన గన్‌ఫౌండ్రీ వైపు తిరిగి, ఇంకో మైలు చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు. పరువు కోసం నడిచిన ఆ మైలు కూడా కాళ్ళకే చెల్లింది. మొగులయ్య మాత్రం ఖాళీ ఝట్కాతో వెనకాలే వచ్చేవాడు. ఎక్కడో ఒకచోట ఈ మనిషి కూలబడతాడు, అప్పుడు ఎత్తి బండిలో వేసుకోవచ్చని వాడి ఆశ.

ఇంట్లో సౌభాగ్య జపాన్‌ను వండడం మొదలుపెట్టింది.

అక్కడ గింజలు పులియబెట్టి, ఆ ముద్దతో చారు కాస్తారని శ్రీపతి రాశాడు. ఏ గింజలో రాయలేదు. సౌభాగ్య ఉలవలు ఉడకబెట్టి, ఉప్పు కలిపి జాడీలో పెట్టి, పన్నెండో రోజు మూత తీసింది. ఆ గాలికి గల్లీలో కాకులన్నీ లేచి లక్డీకాపూల్ దాకా పోయాయి. అటుగా వస్తున్న గూడ్సు బండి డ్రైవరు చక్రం ఇరుసు కాలుతోందని సిగ్నలు దగ్గర బండి ఆపేసి దిగి వెతికాడని చెప్పుకుంటారు. అది పొట్ట తగ్గించే వంటో, మనుషులను తగ్గించే వంటో తేలక, జాడీని భూమిలో పాతిపెట్టి, ఆమె పలచటి ఉలవకట్టులో అల్లం దంచి వేయడానికి ఒప్పుకుంది. అది బాగుంది. వామన్‌రావు గిన్నె నాకబోయి, జపాను మర్యాద గుర్తొచ్చి ఆగాడు.

ముల్లంగి కథ వేరు. జపానులో మోచెయ్యంత తెల్ల ముల్లంగి తింటారని రాసి ఉంది, అది బేగం బజారులో కుప్పలుగా దొరికింది. సోమవారం ముల్లంగి, సొరకాయ ఆవిరి మీద ఉడికేవి. మంగళవారం పెసరకట్టు, పాలకూర. బుధవారం చేప. ఆ రోజు వామన్‌రావు ఒక చేతిలో మల్లెపూల గిన్నె, ఇంకో చేతిలో తాడుకు కట్టిన కొరమీనుతో ఊరంతా తిరిగొచ్చేవాడు. ఇంటికి చేరేసరికి చేప మల్లెపూల వాసన, మల్లెపూలు చేప వాసన వేసేవి. సౌభాగ్య రెండిట్లో ఏదీ వద్దనలేక రెండూ తీసుకునేది. గురువారం నాడు అన్నాన్ని సముద్రపు ఆకులో చుట్టాలి. మనకున్న సముద్రం హుస్సేన్ సాగరే గదా, దాని పాచి తేనా అని వామన్‌రావు ఉత్సాహంగా అడిగాడు. వద్దని ఆమె లేత తమలపాకుల్లో చుట్టిపెట్టింది. ఆయన నాలుగు తిని, అలవాటుకొద్దీ సున్నం, వక్క అడిగాడు. మిగతా రోజుల్లో గెన్సుగడ్డలు, పుట్టగొడుగులు, ఏది దొరికితే అది, ఆదివారం మాత్రం చారులో తేలే సేవలు, అదే సేమియా.

పుల్లల సంగతి అన్నిటికంటే కష్టం. పతంగులు చేసే వాడి దగ్గర వెదురు పుల్లలు చెక్కించుకొచ్చాడు. మొదటి రాత్రి ఆ చేతిలో ఒకటి, ఈ చేతిలో ఒకటి పట్టుకున్నాడు, ఎర్ర జెండా పచ్చ జెండా పట్టినట్టు. ఒక్కో మెతుకు నోటికి చేరేసరికి దీపంలో వత్తి ఒక గీత తగ్గేది. అంత ఓపికగా నమిలితే తినడం మీదే విసుగొచ్చేది. ఇంకొంచెం పెట్టమని ఆయన అన్నప్పుడల్లా సౌభాగ్య గరిటె గిన్నె మీదే ఆపి, ఎన్ని అణాలైందని అడిగేది. మొదటి వారం నిజాయితీగా రెండణాలు అన్నాడు. మూడో వారం ఆరణాలు. వైశాఖం నడిమికి వచ్చేసరికి, అడగకముందే పన్నెండణాలైందని లేచి, మల్లెపూల వాసన వస్తున్న వైపు చూసి మళ్ళీ కూర్చునేవాడు. ఉత్త కబుర్లకు.

పన్నెండేళ్ళలో ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకున్నది లేదు. ఆయన రైలు కబుర్లు చెప్పేవాడు, ఆమె పూలు కడుతూ వినేది.

ఈ లోపు బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది. తర్వాత ఇంకొకటి. నాలుగో రంధ్రాన్ని మొగులయ్య గుర్రపు తోలుపట్టీలకు బెజ్జాలు పొడిచే దబ్బనంతో కొత్తగా పొడవాల్సి వచ్చింది. ఆశ్చర్యమేమిటంటే, లాగే బరువు లేక రెండు నెలలు వామన్‌రావు వెనక ఊరికే షికారు తిరిగిన ఆ గుర్రం బాగా పొట్ట పెంచింది. ఇటు దిగిన సేర్లన్నీ అటు ఎక్కాయని మొగులయ్య కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు.

మృగశిర వచ్చింది, మొదటి వాన పడింది. ఆదివారం సాయంత్రం, అంటే పరీక్షకు ఒక్క రోజు ముందు, బొంబాయి బండి దిగి శ్రీపతి ఇంటికొచ్చాడు. షేటు రెండు నెలల సెలవిచ్చాడట. బావను చూసి గుర్తుపట్టలేక, ఇది వామన్‌రావు గారి ఇల్లేనా అని వామన్‌రావునే అడిగాడు. అక్క వండిన చారు, సేవలు, ముల్లంగి చూసి వాడి కళ్ళు చెమర్చాయి. కోబెలో కూర్చున్నట్టే ఉందన్నాడు. తినబోతూ పళ్ళెమంతా వెతికి, తోఫూ ఏదని అడిగాడు.

వామన్‌రావు గర్వంగా సౌభాగ్య జడ చూపించాడు.

శ్రీపతి జడను చూశాడు, అందులోని మల్లెపూలను చూశాడు. అప్పుడు సంగతి అర్థమై, వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే చెప్పాడు. తోఫూ అంటే ఒక రకం చిక్కుడు గింజలు నానబెట్టి, రుబ్బి, ఆ పాలు విరగ్గొట్టి, గుడ్డలో కట్టి చేసే తెల్లటి గడ్డ. పాల విరుగుడులాగా ఉంటుంది. నీళ్ళలో ఉంచుతారు. కుదిపితే విరిగిపోతుంది గనుక ఝట్కా తగలనీయొద్దన్నాడు, అంతేగాని మొగులయ్య బండి గురించి కాదు.

వామన్‌రావు నవ్వలేదు. పుల్లలు కింద పెట్టాడు.  ఆయనకు కోపం రాలేదు, భయం వేసింది. అన్నిటికంటే ముఖ్యమైనదన్న మందు నోట్లోకి పోనే లేదు. మరి ఈ తగ్గడం ఎట్లాంటిది? లేని మందుతో కుదిరిన రోగం పొద్దుటికల్లా తిరిగి రాదని నమ్మకమేముంది? రేపు దొర ముందు, నడుస్తున్న రైలు ముందు, సరిగ్గా ఆ మెట్టు మీద పాత పొట్ట లేచి వస్తే?

"నేను పోను. పార్సిల్ ఆఫీసులనే కూసుంట" అన్నాడు. "తప్పు చదివి తగ్గిన. గది తగ్గినట్టేనా?"

శ్రీపతి నవ్వు ఆగిపోయింది. సౌభాగ్య లేచి, కొక్కేనికి తగిలించిన బెల్టు తీసుకొచ్చి మొగుడి ముందు పళ్ళెం పక్కన పెట్టింది. నాలుగు రంధ్రాల మీదా ఒక్కొక్కదాని మీద వేలు పెట్టింది.

"దీనికి ఉర్దూ చదువొస్తదా?"

వామన్‌రావు రాదన్నట్టు చూశాడు.

"మరి గిది తప్పు ఎట్ల చదువుతది? నాలుగంటె నాలుగే. మీరు నడిచిన్రు, మీరు తిన్రు, మీరే తగ్గిన్రు. పొద్దుగాల లేవాలె. తినుండ్రి, ఇంకా తొమ్మిదణాలే అయినయి."

ఆయన బెల్టు అందుకుని నడుముకు చుట్టి, నాలుగో రంధ్రంలో బిగించి చూశాడు. తర్వాత పుల్లలు చేతికి తీసుకుని, మిగిలిన మూడణాలూ పూర్తిచేశాడు.

సోమవారం పొద్దున నాంపల్లి ప్లాట్‌ఫారం మీద పండుగలా ఉంది. దొర గడియారం పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు ఖాళీ డబ్బాలు, వెనక గార్డు డబ్బా కట్టి ఇంజను సిద్ధంగా ఉంది. ప్లాట్‌ఫారం దాటి అవతలి సిగ్నలు దాకా పోయి ఆగాలని, వెనక్కి రావాలని ఏర్పాటు. మొగులయ్య గుర్రాన్ని బయట కట్టేసి లోపలికొచ్చాడు. రెండు నెలలుగా ఈ మనిషి కూలబడితే ఎత్తుకోవాలని తిరిగినవాడు, ఇప్పుడు కూలబడకుండా చూడమని మనసులోనే మొక్కుకుంటున్నాడు.

వామన్‌రావు గూటిలోంచి తెచ్చిన ఈల ఊదాడు. పచ్చ జెండా ఊపాడు. రైలు కదిలింది. ఆయన రెండడుగులు ఉరికాడు, ఇంకో రెండు ఉరికాడు, కమ్మీ పట్టాడు, కాలు మెట్టు మీద పెట్టాడు. పొట్ట ఉండాల్సిన చోట గాలి ఉంది. ఎక్కిన తీరు ఎట్లా ఉందంటే, ఎడమ చేతిలో నీళ్ళ గిన్నె ఉన్నా ఒక్క చుక్క తొణికేది కాదు. రెండు నెలలు ఝట్కా తగలకుండా నడవడం నేర్చిన కాళ్ళు అవి.

ప్లాట్‌ఫారమంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆ అరుపు విని, తాను గార్డు డబ్బా తలుపులో నిలబడి ఉన్నానని చూసుకుని, వామన్‌రావుకు ఒళ్ళు తెలియలేదు. పచ్చ జెండా ఊపుతూనే ఉన్నాడు. సిగ్నలు వచ్చింది. ఇంజను డ్రైవరు వెనక్కి చూశాడు. ఆగమని ఎర్ర జెండా చూపిస్తే ఆగాలి. కనిపించింది పచ్చ జెండా, అదీ పూనకం వచ్చినట్టు ఊగుతోంది. గార్డు పచ్చ జెండా చూపిస్తుంటే ఆపడానికి తానెవడు? లక్డీకాపూల్ వెనకబడింది. నాలుగు ఖాళీ డబ్బాలు, ఒక గార్డు ఖైరతాబాద్ చేరేదాకా ఆ జెండా దిగలేదు.

దొర ఖాళీ పట్టాలను కాసేపు చూసి గడియారం జేబులో పెట్టుకున్నాడు. మొన్న రైలు గార్డు లేకుండా ఖైరతాబాద్ పోయింది, ఇవాళ గార్డుతో పోయింది, నాకీ తేడా చాలని చెప్పి కాగితం మీద సంతకం చేశాడు.

ఆ మధ్యాహ్నం శ్రీపతి, కోబె నుంచి మూటగట్టి తెచ్చిన గింజలు రుబ్బి, పాలు కాచి, విరగ్గొట్టి, వంటింటినంతా తడిపి, సాయంత్రానికి తోఫూ తయారుచేశాడు. ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి అందులో వదిలాడు. తెల్లగా, మెత్తగా, నిజంగానే పట్టుకుంటే నలిగిపోయేలా ఉంది. వామన్‌రావు ఒక ముక్క తిని, ఉప్పు మరిచిన విరుగుడులా ఉందని మర్యాదగా మెచ్చుకున్నాడు.

సౌభాగ్య కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. "బాగనే ఉంది. గని తలల పెట్టుకోరాదు."

శ్రీపతికి ఉక్రోషం వచ్చింది. బావ అంటే ఉర్దూలో తప్పు చదివాడు సరే, నువ్వు ఎట్లా మోసపోయినవక్కా అన్నాడు. "పోయిన దసరాకు నీకు తెలుగుల రాసిన గదా, ఈడ తోఫూ అనే విరుగుడు తింటరని, గింజలతోని చేస్తరని."

వామన్‌రావు తలెత్తి భార్య వైపు చూశాడు. సౌభాగ్య పొయ్యి దగ్గర ఏదో పని ఉన్నట్టు అటు తిరిగింది.

"ఆ ఉత్తరానికి చెదలు పట్టినయి" అన్నది.

గోడ మీద పదకొండు మంది జపానువాళ్ళు నిటారుగా నిలబడి ఉన్నారు. వామన్‌రావు వాళ్ళను చూశాడు, ఆమె ఖాళీ జడను చూశాడు.  తోఫూను పళ్ళెంలోకి ఒంపి, గిన్నె కడిగి కొత్త నీళ్ళు పోసి, తడిగుడ్డ కప్పి, టోపీ పెట్టుకుని బయలుదేరాడు. గల్లీ మొదట్లో మొగులయ్య బండి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష అయిపోయింది, ఇక జపానుతో పనేముంది, ఎక్కండి అన్నాడు.

"నువ్వు వెనకొచ్చుడు మాత్రం మానకు మొగులయ్యా" అన్నాడు వామన్‌రావు, ఆగకుండానే. "నీ గుర్రానికి అలవాటైంది."